దింపు

నాలుగో మెట్టు మీద ఆగిపోయాను.
డాబా మీద ట్యాంకులో బాల్ వాల్వ్ ఇరుక్కుంది.
పొద్దున్నుంచీ నీళ్ళు పొర్లి
సన్‌షేడ్ మీంచి తోటకూర మడిలో పడుతున్నాయి.
ఎక్కాల్సింది వెదురు నిచ్చెన, మొత్తం పదకొండు మెట్లు.
నాలుగో దాని మీద
రెండు చేతులూ బొంగుకి అతుక్కుపోయాయి,
మోకాళ్ళు వాటిలో అవే ఏదో మాట్లాడుకుంటున్నాయి.

పక్కింటి రత్నకుమారి కూతురు, రెండో క్లాసు,
జామకాయ కొరుకుతూ అడిగింది:
"అత్తా, నువ్వు విమానం తోలతావంట కదా?"

ఆయ్. తోలతాను.
నిన్న రాత్రే మధురపూడిలో దింపాను,
వానలో, అడ్డగాలిలో,
మూడో వరసలో పసిపిల్ల నిద్ర లేవకుండా.

మా ఇంట్లో ఎత్తంటే కూలి.
నాన్న పేరే ఏడుకొండలు.
ముక్తేశ్వరం నుంచి అయినవిల్లి దాకా
ఆయన కాలు పడని కొబ్బరి చెట్టు లేదు.
కాళ్ళకి బందం, నడుముకి కత్తి.
దింపు రోజున నా పని లెక్క:
చెట్టుకెన్ని, గెలకెన్ని,
గోడ మీద బొగ్గు గీతలు.
కాయ నెత్తిన పడుద్ది, పైకి చూస్తా ఉండమనేవాడు.
పైకి చూస్తే మబ్బు కదిలేది,
చెట్టు నా మీదకి ఒరిగేది,
నేను గడ్డి పట్టుకుని కూలబడేదాన్ని.
నేల మీద నిలబడి కళ్ళు తిరిగినదాన్ని
మా పేటలో నేనొక్కదాన్నే.

బడికి పోవాలంటే పంటకాలువ మీద తాటి దుంగ.
అందరూ పరిగెత్తేవాళ్ళు.
నేను కూచుని జరిగేదాన్ని,
గౌను నిండా పీచు.

శిక్షణ విమానం మొదటిసారి లేచినప్పుడు
భయం కోసం కాచుక్కూచున్నాను,
ఇదిగో వస్తుంది, ఇదిగో.
వెయ్యి అడుగులు. రెండు వేలు.
కిందకి చూశాను.
ఎవరింట్లోనో మర్చిపోయిన గొడుగులా
అది నా దగ్గర లేదు.

ఎందుకో నాకిప్పటికీ తెలీదు.
చెట్టెక్కితే చెట్టు మొదలు కనిపిస్తూనే ఉంటుంది,
ఎంత పైకొచ్చావో గాటు గాటుకీ కొలిచి చెబుతుంది.
డాబాకి గోడ, వంతెనకి స్తంభం,
నిచ్చెనకి ఈ దిక్కుమాలిన మెట్లు.
విమానానికి మొదలు లేదు.
పైనుంచి చూస్తే
గౌతమి అటూ వసిష్ఠ ఇటూ,
నడుమ లంకలు, రొయ్యల చెరువుల తళుకులు.
అది నాకు కింద ఉన్నట్టే ఉండదు,
బడి గోడకి తగిలించిన పటంలా ఎదురుగా ఉంటుంది.
పటంలోకి ఎవరు పడిపోతారు?

నాన్నని ఒకసారి ఎక్కించాను, హైదరాబాదు దాకా.
అరవై అడుగుల మీద బీడీ కాల్చిన మనిషి
ముందు సీటు వీపు వదల్లేదు.
దిగాక బెల్టు సంగతి తలుచుకుని అన్నాడు:
"మోకు బాగుంది గానీ, చెట్టేదమ్మా?"

నాలుగో మెట్టు.
నీళ్ళింకా పడుతున్నాయి.
నాన్న అరుగు మీంచి లేచొచ్చాడు,
చిప్పలరిగిన మోకాళ్ళతో, కర్ర గోడకానించి.
నిచ్చెన మొదట్లో పాదం అడ్డుపెట్టాడు.
కిందకి చూడకు అనలేదు, అందరూ అనే మాట.
"లెక్క చెప్పు" అన్నాడు, "గట్టిగా."

అయిదు.
ఆరు.
ఏడు దగ్గర చాలాసేపు పట్టింది.
ఎనిమిది లేదు.
లెక్క వెనక్కి చెప్పుకుంటూ దిగొచ్చేశాను.
రత్నకుమారి చీర కుచ్చెళ్ళు దోపి
చకచకా ఎక్కి వాల్వ్ సరిచేసింది,
పైనుంచి అడిగింది, పొయ్యి మీద పప్పు చూడమని.

సాయంత్రం మళ్ళీ డ్యూటీ.
మా విమానం దిగడానికి అయిదారు మెట్లే.
ప్రయాణికులంతా వెళ్ళిపోయాకే దిగుతాను.
మర్యాద అనుకుంటారు.
నాకు రెండు వైపులా కమ్మీ కావాలి.